పాత్రలే కథను నడుపును

కథలోని సంఘటనలు ఆకాశమునుండి ఊడిపడినట్లుండరాదు. అవి పాత్రల కోరికలనుండియు, లోపములనుండియు పుట్టవలెను. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ ఇందులకు చక్కని నిదర్శనము. ఈ నాటకము 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. 1909లో గ్రంథకర్త దీనిని మిక్కిలి పెంచి, మార్చి, మరల ప్రకటించెను. మధురవాణి పాత్రకు నిండుదనము వచ్చినది ఈ రెండవ కూర్పుననే.

అగ్నిహోత్రావధానులు ధనాశచే తన చిన్నకూతురు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధానులకు అమ్మజూపెను. తల్లి వెంకమ్మ నూతిలో దూకినను అతని పట్టు సడలలేదు. ఇక ఆ పసిపిల్లను కాపాడువారెవరు? మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి, వానినే లుబ్ధావధానులకు కట్టబెట్ట నిశ్చయించెను. వినుటకిది అసంభవమే. కాని లుబ్ధావధానులు పేరునకు తగిన లోభి. పెండ్లికూతురు చౌకగా దొరకుననగానే అతని కన్నులు మూతపడినవి. ఆ పిసినితనమే లేకున్న ఈ పన్నాగము ఒక్క పూటయైనను నిలువదు.

గిరీశము కథ మరియొక తీరు. విజయనగరమున అప్పులు మీదబడగా, వెంకటేశమునకు సెలవులలో చదువు చెప్పు నెపమున వాడు అవధానుల యింట చేరును. కొడుకు ఇంగ్లీషు మాటలాడగా వినవలెనని తల్లికి ముచ్చట. తండ్రికి వ్యాజ్యముల పిచ్చి. గిరీశము తల్లి యెదుట శిష్యునిచేత నాలుగు ఇంగ్లీషు ముక్కలు పలికించెను. తండ్రికి దావా కాగితములలో సాయపడుదుననెను. చోటు దొరకినది! పిమ్మట సంఘసంస్కర్తవలె మాటలాడి, ఆ యింటి పెద్దకూతురును, బాలవితంతువును అగు బుచ్చమ్మను లేవదీసికొనిపోయెను. వాడు క్రూరుడైనచో అందరును జాగ్రత్తపడియుందురు. నవ్వించువాడు గనుకనే ఎవరును జాగ్రత్తపడలేదు.

మధురవాణి వేశ్యయైనను దయగలది, పలికిన మాట తప్పనిది. మొదటి అంకముననే గిరీశముతో తెగతెంపులు చేసికొని, రామప్పంతులు వెంట రామచంద్రపురము చేరెను. లుబ్ధావధానుల యిల్లును ఆ యూరనే! కరటకశాస్త్రికి ఆమె తోడుపడుట అందువలననే సాధ్యమైనది. తుదకు ఏడవ అంకమున, సౌజన్యారావు అను ఉదారుడైన వకీలు గిరీశమును సంస్కర్తయని నమ్మియుండగా, ఆమెయే వాని పూర్వచరిత్ర బయటపెట్టెను. బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంపుటకు సౌజన్యారావు నిర్ణయించెను. అందరిని మాటలతో గెలిచిన గిరీశమునకు ఆనాడు ఏ మాటయు పనికిరాలేదు.