పుట అమరిక: లేటెక్‌తో తొలిపాఠము

గ్రంథాలయపు వార్షిక నివేదిక యైనను, సహకార సంఘపు నియమావళి యైనను చదువరి కంటబడునది ముందుగా పుట. అక్షరములు సన్నములై, పంక్తులు ఇరుకై యున్నచో ఎంత మేలైన విషయమైనను వృద్ధులు చదువక ప్రక్కన బెట్టుదురు. పుటను చక్కగా అమర్చుటకు నేడు వెల లేకుండ లభించు కంప్యూటరు సాధనము లేటెక్. దానితో పని ప్రారంభించు విధమును ఇచట తెలుపుచున్నాము.

1977లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు డోనాల్డ్ కనూత్, తన గ్రంథపు ప్రూఫులలోని అచ్చుతీరు నచ్చక, టెక్ అను కూర్పు సాధనమును తానే నిర్మింప బూనెను. 1980 తరువాత లెస్లీ లాంపోర్ట్ దానిపై లేటెక్‌ను నిర్మించి సామాన్యులకు సులభము గావించెను. ఇందలి మూలసూత్ర మొక్కటే: విషయము వేరు, రూపము వేరు. రచయిత "ఇది శీర్షిక" యని గుర్తు పెట్టును. ఆ శీర్షిక యెట్లుండవలెనో పత్రము మొదట ఒకేచోట వ్రాయబడును. అచట మార్చినచో నూరు పుటలలోని శీర్షికలును మారును. ఈ మొదటి భాగమును మనము పీఠిక యందము.

పీఠికలో ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరములతోనే టైపు చేయవలెను. వాని ఉచ్చారణను మాత్రమే ఇచట చూపుచున్నాము.

మొదటిది, పత్రజాతి. చిన్న వ్యాసమునకు ఆర్టికల్, అధ్యాయములుగల నివేదికకు రిపోర్ట్, గ్రంథమునకు బుక్ అను జాతులు కలవు. అక్షర పరిమాణము 10, 11, 12 పాయింట్లలో నొకటి. వృద్ధులకు 12 మేలు. కాగితము ఏ4 అని తప్పక చెప్పవలెను. లేనిచో సాధనము అమెరికా వారి లెటరు కాగితమును గ్రహించును. ఏ4 కొలత 210, 297 మిల్లీమీటర్లు. లెటరు దానికంటె వెడల్పు, పొడవున తక్కువ.

రెండవది, అంచులు. ఇందుకు జియోమెట్రీ అను ప్యాకేజీ కలదు. కుట్టు పడు ఎడమ ప్రక్క 35, కుడి ప్రక్క 30 మిల్లీమీటర్లు విడిచినచో పంక్తికి 145 మిల్లీమీటర్లు మిగులును. కాగితము ఆదా యగునని అంచులను మరీ కుదింపరాదు. పంక్తి పొడవైన కొలది, చదువరి కన్ను తరువాతి పంక్తి మొదలును వెదకుకొనవలసి వచ్చును.

మూడవది, తెలుగు లిపి. ఇందుకు జీలేటెక్‌ను, ఫాంట్‌స్పెక్ ప్యాకేజీని వాడి, నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంటును పేర్కొనవలెను. మన లిపిలో గుడులు పైకి, ఒత్తులు క్రిందికి సాగును. కావున ఇంగ్లీషు పంక్తులకు చాలిన ఎడము మనకు చాలదు. సెట్‌స్పేస్ ప్యాకేజీతో ఎడమును కొంత పెంచవలెను.

ఇవి కుదిరిన పిమ్మట శీర్షికల రూపమునకు టైటిల్‌సెక్, పుట తలపై పేరు, అడుగున సంఖ్య అమర్చుటకు ఫ్యాన్సీహెడర్ ప్యాకేజీలను చేర్చవచ్చును.

ఒక హెచ్చరిక. ఎచటనో పంక్తి బాగుండలేదని విషయము నడుమ ఖాళీలు చొప్పింపరాదు. రేపు నాలుగు వాక్యములు చేర్చినచో ఆ ఖాళీలన్నియు తప్పు చోటులందు తేలును. దోషమును పీఠికలోనే సవరింపుడు. ఒకసారి ఒకే మార్పు చేసి, ఫలితము చూచి, తరువాతి దానికి పొండు. చివర ఒక్క పుటను అచ్చు తీసి, కంటిచూపు తగ్గిన పెద్ద లొకరిచే చదివింపుడు. వారు తడబడక చదివిన నాడు మీ అమరిక కుదిరినట్లే.