వరియన్నపు చికిత్స

1945వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీ మధ్యాహ్నము అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు తలనొప్పి యని పలికి కుర్చీలోనే ఒరిగిపోయెను. మూడు గంటలు గడవకముందే ఆయన మరణించెను. మెదడులోని రక్తనాళము చిట్లుటయే అందులకు కారణము. అంతకు ఏడాది ముందే ఆయన రక్తపుపోటు 186/108 అని తేలియుండెను. గొప్ప వైద్యులు చెంతనే యున్నను, ఆ పోటును దించు మంచి మందు ఆనాడు లేకుండెను.

పోటు ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో రక్తనాళముల గోడలు మందమై బిరుసెక్కును. మెదడులోని సన్నని నాళములు పూడుకొనిన, రక్తమందక అచటి కణములు చచ్చును. పక్షవాతమునకును, మతిమరపునకును గల పెద్ద కారణములలో ఇది యొకటి.

ఆ కాలముననే డ్యూక్ విశ్వవిద్యాలయములో వాల్టర్ కెంప్నర్ అను వైద్యుడుండెను. జర్మనీలో నాజీల పాలన రాగా ఆయన దేశము విడిచి 1934లో అమెరికా చేరెను. వరి తినెడి ప్రజలలో రక్తపుపోటు అరుదని విని, ఆయన రోగులకు వరియన్నము, పండ్లు, పండ్లరసములు, చక్కెర మాత్రమే పెట్టించెను. ఉప్పు రవ్వంతయు లేదు.

1942లో ఒక రైతు భార్య ఆయన యొద్దకు వచ్చెను. రెండు వారముల పిమ్మట మరల రమ్మని ఆయన చెప్పెను. ఆయన జర్మను యాస ఆమెకు బోధపడలేదు కాబోలు, రెండు నెలలు అదే తిండి తిని వచ్చెను! మాంసకృత్తులు చాలక ఆమె నీరసించియుండునని వైద్యుడు బెదరెను. పరీక్షింపగా పోటు దిగియుండెను. ఉబ్బిన గుండె చిన్నదయ్యెను. కంటి లోపలి పొరలోని రక్తపు మరకలు మాయమయ్యెను. కంటి నాళములు మెదడు నాళములకు తోబుట్టువుల వంటివి గనుక ఇది చిన్న సంగతి కాదు.

వరియన్నమనగానే తెలుగువారు పొంగిపోరాదు. కెంప్నర్ పెట్టించిన పళ్లెములో ఆవకాయ లేదు, అప్పడము లేదు. ఉప్పు హెచ్చిన శరీరము నీటిని పట్టియుంచుకొనును. రక్తము పరిమాణము పెరిగి నాళములపై ఒత్తిడి హెచ్చును. దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

అంతటి చప్పిడి తిండిని చిరకాలము తినగలవారు అరుదు. అందుచే చీనా దేశమున 600 పల్లెలలో వేరొక ఉపాయము పరీక్షింపబడెను. సగము పల్లెలలో వాడుక ఉప్పునకు బదులు, నాలుగవవంతు పొటాసియము క్లోరైడు కలిపిన ఉప్పును వంటయిండ్లకు ఇచ్చిరి. వంట మారలేదు, రుచియు అంతగా మారలేదు. సుమారు అయిదేండ్లకు లెక్కింపగా, ఆ పల్లెలలో పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గెను. ఈ ఫలితము 2021లో ప్రకటింపబడెను. మూత్రపిండముల వ్యాధి ముదిరినవారిని మాత్రము ఆ పరిశోధనలో చేర్చుకొనలేదు; అట్టివారికి పొటాసియము ప్రాణాపాయము కలిగింపగలదు.