"ఆ క్యారెక్టర్ అలా చెయ్యదు రా!": జాంగ్‌గుమ్ నుంచి కంభం రాణి దాకా

హాస్టల్లో కొరియన్ డ్రామాల మీద వాదన మొదలైతే, అది ఎక్కడ మొదలైనా చివరికి ఒక మాట దగ్గరికే వస్తుంది. "ఆ క్యారెక్టర్ అలా చెయ్యదు రా!" పదో ఎపిసోడ్ దాకా తెలివిగా ఉన్న హీరోయిన్ పదకొండులో కథ కోసం తెలివి తక్కువది అయిపోతుంది. విలన్ చివరి రెండు ఎపిసోడ్లలో ఏ కారణం లేకుండా మంచోడు అయిపోతాడు. మనకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ "అలా చెయ్యదు" అని మనకెలా తెలుసు? ఆ మనిషి నిజంగా ఉంటే కదా, చేస్తుందో చెయ్యదో చెప్పడానికి! అంటే రైటర్ మన బుర్రలో ఏదో ఒక రూల్ పెట్టి, తర్వాత తనే దాన్ని తప్పాడన్నమాట. ఈ వ్యాసం ఆ రూల్ గురించి. మన క్లబ్‌లో షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టులు, ఏకాంకికలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదాహరణకు ఒక పాత డ్రామా తీసుకుంటాను: "డే జాంగ్‌గుమ్". ఇంగ్లిష్‌లో "జ్యువెల్ ఇన్ ది ప్యాలెస్" అంటారు. ఎంబీసీ ఛానెల్లో 2003 సెప్టెంబర్ నుంచి 2004 మార్చి దాకా 54 ఎపిసోడ్లు వచ్చింది. రాసింది కిమ్ యంగ్‌హ్యున్, డైరెక్టర్ లీ బ్యుంగ్‌హూన్, జాంగ్‌గుమ్‌గా లీ యంగ్ ఏ. కొరియాలో రాజుల కాలం కథలను సాగుక్ అంటారు. ఆ కథలు దేశం దాటి ఇంతమందికి చేరడంలో ఈ డ్రామాది పెద్ద చెయ్యి.

జాంగ్‌గుమ్ నిజంగా ఉన్న మనిషి. జోసన్ రాజుల దినచర్యల రికార్డుల్లో, జుంగ్‌జోంగ్ రాజు కాలంలో (1506–1544), ఆ పేరుతో ఒక వైద్యురాలు కొద్ది చోట్ల కనిపిస్తుంది. 1515లో రాణి జాంగ్‌గ్యోంగ్ ప్రసవం తర్వాత చనిపోతే వైద్యురాలిని శిక్షించమని అధికారులు అడుగుతారు, రాజు ఒప్పుకోడు. 1544లో రాజు తన ఆఖరి జబ్బులో, నా సంగతి వైద్యురాలికి తెలుసు అన్న అర్థంలో ఒక మాట అంటాడు. ఇంచుమించు ఇంతే. ఆమె ఎక్కడ పుట్టింది, ఎవరి కూతురు, ఏమీ లేదు. వంటింటి సంగతి అసలే లేదు. డ్రామాలో సగం కథ రాజుగారి వంటశాలలో నడుస్తుంది కదా, అదంతా కల్పనే. నాలుగు ముక్కల రికార్డు నుంచి 54 ఎపిసోడ్ల మనిషిని తయారు చెయ్యాలి. మొదటి సగం వంటమనిషి, రెండో సగం డాక్టరు. మామూలు రైటర్ చేతిలో పడితే ఇది రెండు వేరే సీరియల్స్ అతికించినట్టు ఉండేది.

అలా ఎందుకు కాలేదో చెప్పే సీన్ ఒకటుంది. జాంగ్‌గుమ్ ఇంకా చిన్నపిల్ల, అమ్మానాన్న లేరు, వంటశాలలో కొత్తగా చేరింది. పైన ఉండే హాన్ సాంగ్‌గుంగ్ (సాంగ్‌గుంగ్ అంటే అంతఃపురంలో పెద్ద హోదా ఉన్న ఉద్యోగిని) తాగడానికి నీళ్లు తెమ్మంటుంది. పిల్ల తెస్తుంది. ఇవి కాదు, మళ్లీ తెమ్మంటుంది. వేడివి తెచ్చినా, చల్లవి తెచ్చినా, ఏం తెచ్చినా అదే మాట. చివరికి పిల్ల నీళ్లు తేవడం ఆపి ఎదురు ప్రశ్నలు వేస్తుంది. కడుపునొప్పి ఉందా, విరేచనం అయిందా, గొంతు నొప్పిగా ఉందా అని. జవాబులు విన్నాక గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పు వేసి ఇచ్చి, మెల్లగా తాగమంటుంది. ఎవరు నేర్పారంటే, మా అమ్మ నీళ్లిచ్చే ముందు ఇలాగే అడిగేది అంటుంది. హాన్ సాంగ్‌గుంగ్ నేర్పాలనుకున్నది కూడా అదే. తినేవాళ్లు ఎలా ఉన్నారో తెలుసుకోకుండా పెట్టేది వంట కాదని.

నేను ఈ సీన్ మళ్లీ మళ్లీ చూశాను. మొదటిసారి చూస్తే ఇది వంట పాఠం. డ్రామా మొత్తం అయ్యాక చూస్తే, ఆ ప్రశ్నలు డాక్టరు వేసే ప్రశ్నలు! కడుపు, విరేచనం, గొంతు. అంటే ఎప్పుడో ముప్పై ఎపిసోడ్ల దగ్గర వచ్చే వైద్యురాలిని రైటర్ ఇక్కడే, ఒక గిన్నెడు నీళ్లలో పెట్టేసింది. అందుకే తర్వాత ఆమె వంట వదిలి వైద్యం పట్టినప్పుడు మనకు "అలా చెయ్యదు" అనిపించదు. ఆమె మొదటినుంచీ చేస్తున్న పనే చేస్తోంది, చేతిలో గరిటె బదులు సూది ఉంది, అంతే.

దీన్ని మన బ్రాంచి భాషలో చెప్తే ఇంకా తేలిక (మిగతా బ్రాంచిల వాళ్లు క్షమించాలి). బైనరీ సెర్చ్ రాసినప్పుడు లో, హై ప్రతి రౌండులో మారతాయి. మారకపోతే ప్రోగ్రామ్ ముందుకే పోదు. కానీ ఒక మాట మాత్రం ప్రతి రౌండులో నిజంగానే ఉంటుంది: వెతికే విలువ అసలు ఉంటే గనక, అది ఆ రెండింటి మధ్యే ఉంటుంది. దీన్ని లూప్ ఇన్వేరియంట్ అంటాం. క్యారెక్టర్ కన్సిస్టెన్సీ అంటే చాలామంది మారకుండా ఉండటం అనుకుంటారు. అది తప్పు. మారని క్యారెక్టర్ అంటే ముందుకు పోని లూప్. అన్నీ మారుతుంటే లోపల ఏది నిజంగా మిగులుతోందో అదే నిలకడ. జాంగ్‌గుమ్‌కి ఆ ఇన్వేరియంట్ ఇది: ఎదుట ఉన్నదాన్ని అడిగి, రుచి చూసి, తాకి తెలుసుకుంటుంది, తెలిసింది తెలిసినట్టే చెప్తుంది.

ఇప్పుడు ఈ రూల్ పెట్టి మిగతా కథ చెక్ చెయ్యండి. క్లాసులో మాంసంలో తీపి దేనివల్ల వచ్చిందని అడిగితే అందరూ ఏవేవో చెప్తారు, ఈ పిల్ల హోంగ్‌షీ అంటుంది (చూడటానికి టమాటాలా ఉండే, బాగా మగ్గిన తియ్యటి పండు). ఎలా తెలిసిందంటే, ఆ రుచి ఉంది కాబట్టి ఉందన్నాను అన్నట్టు అమాయకంగా జవాబిస్తుంది. పెద్దయ్యాక ఆమె నాలుకకు రుచే పోతుంది. రైటర్ కావాలనే ఇన్వేరియంట్ మీద దెబ్బ కొట్టింది. అప్పుడు రుచి చూడకుండానే రుచిని మనసులో గీసుకుని వండటం నేర్చుకుంటుంది. తెలుసుకునే దారి మారింది, తెలుసుకోవాలన్న పట్టు మారలేదు. తర్వాత కుట్రలో ఇరుక్కుని జేజు దీవికి వెళ్లడం, దారిలో హాన్ సాంగ్‌గుంగ్ చనిపోవడం, పగతో వైద్యం నేర్చుకుని తిరిగి రావడం. ఇక్కడ నాకు బాగా నచ్చింది వైద్యం గురువు షిన్ ఇక్‌పిల్. క్లాసులో అందరికంటే తెలివైన ఈ పిల్లనే ఫెయిల్ చేస్తాడు. మనసులో పగ, చేతిలో తెలివి ఉన్న వైద్యురాలు ప్రమాదం, వైద్యానికి కావాల్సింది లోతు అంటాడు. మామూలు డ్రామాలో ఇలాంటి గురువును చెడ్డవాడిగా చూపిస్తారు. ఇక్కడ మాత్రం ఆయనది కరెక్ట్. ఆమె తన ఇన్వేరియంట్‌ను తప్పబోతోందని కథలోనే ఒక మనిషి పట్టుకున్నాడు. టెస్ట్ కేస్ ఫెయిలైందని కంపైలర్ కాదు, కథే చెప్పింది.

అయితే డ్రామా అంతా ఇంత బాగుందని అనను. రెండో సగంలో ప్రతి కుట్రా ఎవరో తలుపు చాటున వినడం వల్లే బయటపడుతుంది. హీరో మిన్ జంగ్‌హో మరీ మంచివాడు. 54 ఎపిసోడ్లలో ఒక్క తప్పు నిర్ణయం కూడా తీసుకోడు. నిలకడ ఉంది, కానీ లూప్ నడవట్లేదు. దానికి బదులు శత్రువర్గంలో ఉన్న గుమ్‌యంగ్‌ను చూడండి. తన చేతి పనితనంతో గెలవాలని ఆశ, ఇంట్లోవాళ్లేమో కుట్రతో గెలిపిస్తారు. గెలిచిన ప్రతిసారీ ఆమె ఓడిపోతుంది. నా ఓటు ఆమెకే.

ఇక మన వైపుకు వస్తాను. 1515లో రికార్డుల్లో జాంగ్‌గుమ్ పేరు వచ్చిందన్నాను కదా, సరిగ్గా అదే ఏడాది ఇక్కడ శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచాడు. రాయలు (1509–1529), జుంగ్‌జోంగ్ ఇద్దరూ ఒకే కాలం వాళ్లు. మనకూ కథలకు కొదవ లేదు. రాయలు, తిమ్మరుసుల సంగతే తీసుకోండి. తండ్రిలా అప్పాజీ అని పిలిచినవాడే, కొడుకును చంపించాడన్న అనుమానంతో ఆయన కళ్లు తీయించాడు. పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ ఈ సంగతి రాశాడు. ఇంతకంటే కష్టమైన కన్సిస్టెన్సీ ప్రాబ్లం ఉంటుందా? 1962లో వచ్చిన "మహామంత్రి తిమ్మరుసు" సినిమాలో ఎన్టీఆర్ రాయలు, గుమ్మడి తిమ్మరుసు. గజపతి మనుషుల కుట్ర అని పెట్టి ఆ చిక్కును దాటేశారు. గుమ్మడి నటన వల్ల మనకు ఏడుపొస్తుంది, నిజమే. కానీ రాయలు ఎందుకు నమ్మాడు అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. కుట్ర పెడితే సంఘటనకు కారణం దొరుకుతుంది, మనిషికి దొరకదు.

నాకు ఇంకా ఎక్కువ ఆసక్తి ఉన్నది మా వైపు రాణి మీద. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయేటప్పుడు మధ్యలో కంభం వస్తుంది. అక్కడ రెండు కొండల మధ్య ఇరుకులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి చేసిన చెరువు ఉంది, సుమారు 7 కిలోమీటర్ల పొడవు. 2020లో దీనికి అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్టించింది రాయల భార్య వరదరాజమ్మ అని చెప్పుకుంటారు. గజపతి కూతురే ఆమె అంటారు. యుద్ధంలో ఓడిన ప్రతాపరుద్ర గజపతి సంధిలో భాగంగా కూతురిని రాయలకిచ్చాడు. ఆమె పేరు పుస్తకానికొకటి: తుక్క, జగన్మోహిని, అన్నపూర్ణ. తిరుమలలో రాయల పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలున్నాయి. ఈమె లేదు.

ఆమె గురించి మూడు ముక్కలున్నాయి. ఒకటి: పెళ్లిరాత్రి రాయలను చంపడానికి పుట్టింటివాళ్లు కత్తి పంపారని, తిమ్మరుసు పసిగట్టాడని. రెండు: భర్త పట్టించుకోకపోతే కంభంలో ఒంటరిగా ఉండి తుక్కా పంచకం అనే 5 సంస్కృత శ్లోకాలు రాసిందని. అందులో తుమ్మెద అడవంతా తిరిగి సంపెంగను మాత్రం వాసన చూడకుండా వెళ్లిపోతుంది. మూడు: చెరువు. ఇవన్నీ చరిత్రగా రుజువైనవని నేను అనట్లేదు, కథగా మిగిలినవి. జాంగ్‌గుమ్ రికార్డులాగే, ఇవి మన దగ్గరున్న డేటా.

ఇప్పటి సీరియల్ వాళ్లకు ఇస్తే ఏమవుతుందో ఊహించగలను. మొదటి వంద ఎపిసోడ్లు కత్తి పట్టుకుని కళ్లు ఉరుముతుంది, తర్వాతి వంద దిండు తడిసేలా ఏడుస్తుంది, ఆఖర్లో హఠాత్తుగా దేవత అయిపోయి చెరువు తవ్విస్తుంది. ముగ్గురు వేరే ఆడవాళ్లు, ఒకే నగలు.

ఇన్వేరియంట్ వెతుకుదాం. భర్త మీద ప్రేమ అనుకుంటే కత్తి కుదరదు. తండ్రి మీద విధేయత అనుకుంటే చెరువు కుదరదు, శత్రువు రైతులకు నీళ్లు ఎందుకు? త్యాగం అనుకుంటే శ్లోకాలు కుదరవు. వాటిలో ఉన్నది ఫిర్యాదు, త్యాగం చేసినవాళ్లు ఫిర్యాదు రాయరు. చాలా రోజులు తిప్పి తిప్పి చూస్తే నాకు ఒకటి దొరికింది. దాటిపోతున్నదాన్ని ఆపాలనుకోవడం. కోటలు ఒక్కొక్కటిగా చేజారాయి, సోదరుడు వీరభద్రుడు కొండవీట్లో పట్టుబడ్డాడు, అందుకు కత్తి. పక్కనుంచే వెళ్లిపోయిన తుమ్మెద, అందుకు శ్లోకాలు. కొండల సందులోంచి ఆగకుండా పోయే గుండ్లకమ్మ, అందుకు కట్ట. మొదటి రెండూ ఆగలేదు, మూడోది ఆగింది. ఇది నా కల్పన, చరిత్ర కాదు. కిమ్ యంగ్‌హ్యున్ వంటశాలను కల్పించినట్టే.

ఇది నిలబడాలంటే ముందే, కటకంలో చిన్నపిల్లగా ఉన్నప్పుడే, ఒక నీళ్ల గిన్నె సీన్ కావాలి. కత్తులు, శపథాలు వద్దు. మహానది ఒడ్డున ఇసుకతో అడ్డుకట్ట కట్టి, అది తెగితే మళ్లీ కట్టే పిల్ల చాలనిపిస్తోంది, కాకపోతే అది మరీ తెలిసిపోతుందేమో. కంభంలో రాళ్లు పేర్చేది వడ్డెరలు. వాళ్ల పేరు ఓఢ్ర దేశం నుంచి వచ్చిందంటారు. కట్ట మీద ఒక ముసలాయన నోట తన పుట్టింటి మాట ఒకటి వింటే ఆమె ఏం చేస్తుంది? ఈ సీన్ నేను రాసుకున్నాను, బాగానే వచ్చింది.

రాంది పెళ్లిరాత్రి. కథలో తిమ్మరుసు వచ్చి కాపాడతాడు, అంటే ఆమె ఏ నిర్ణయమూ తీసుకోదు. నాకు ఆమే నిర్ణయం తీసుకోవాలి. కత్తి దొరకబోయే ముందు ఒక్క నిమిషం ఉంది, ఆ నిమిషంలో ఆమె దేన్ని ఆపాలనుకుంటుంది? మీలో ఎవరికైనా తోస్తే ఒక పేజీ రాసి క్లబ్ మెయిల్‌కి పంపండి. డైలాగులు తక్కువ పెట్టండి, పదిహేనేళ్ల పిల్ల తనకు రాని భాష మాట్లాడే ఊళ్లో ఉందని మర్చిపోకండి.