ప్రార్థనలో చీకటి పాపానికి గుర్తా?

ప్రశ్న: బాప్తిస్మం తీసుకున్న కొత్తలో ఎంతో ఆనందంగా ఉండేదాన్ని. ఇప్పుడు ప్రార్థనకు కూర్చుంటే మనసంతా చీకటే. నాలో పాపం ఉండబట్టే వెలుగు పోయిందని సంఘంలో కొందరు అంటున్నారు. నిజమేనా? – ఒక సోదరి, కోదాడ

జవాబు: కాదమ్మా. వాళ్లు రెండు వేర్వేరు చీకట్లను కలిపేశారు. యోహాను మొదటి పత్రిక హెచ్చరించే చీకటి, తోటివారిని ద్వేషిస్తూ బతకడం. మీది దేవుడు దూరమయ్యాడనిపించే వేదన. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో ప్రార్థనగానే నిలిచింది. మదర్ థెరిసా దశాబ్దాల తరబడి ఇలాంటి శూన్యంలోనే పేదలకు సేవ చేశారని 2007లో అచ్చయిన ఆమె ఉత్తరాలు చెబుతున్నాయి. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆ చీకటిని క్యాథలిక్ సభ ఆమె పాపంగా లెక్కకట్టలేదు.

మన ఆరాధనలోనూ చీకటికి చోటుంది. క్యాథలిక్కులు ఈస్టర్ ముందు రాత్రి పాస్కా జాగరణను దీపాలార్పిన చీకట్లోనే మొదలుపెడతారు. చాలా తెలుగు సంఘాలు ఈస్టర్ నాడు తెల్లారకముందే సమాధుల దగ్గరికి వెళ్తాయి. మగ్దలేనే మరియ యేసు సమాధికి వెళ్లిందీ చీకటుండగానే. అప్పటికే క్రీస్తు లేచాడు, ఆమెకింకా తెలియదంతే.

ప్రార్థన మానకండి, చిన్నదైనా సరే. నిద్ర, ఆకలి కూడా పోయి, బతకాలనే ఆశ సన్నగిల్లుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యం తీసుకోవడం అవిశ్వాసం కాదు.