దానానికి లెక్క ఎందుకు?

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలితో గోదావరి దాటి వచ్చినవారికి అన్నం పెట్టారని మన కోనసీమలో తెలియనివారు లేరు. ఆమెను లెక్క అడగాలని ఎవరికీ తోచదు. అక్కరలేదు కూడా, వండినవి సొంత చేని గింజలు. చందాలు పోగుచేసే సంఘం సంగతి వేరు. అక్కడ పెట్టే చెయ్యి ఒకరిది, పంట మరొకరిది.

2022 జూలై వరదల్లో లంకలు మునిగినప్పుడు మా తాటిపాక వైపు ఒక సంఘంవారు వస్తే మా నాన్నగారు ఒక దింపు కొబ్బరికాయల డబ్బు ఇచ్చేశారు. రసీదు లేదు. తర్వాత నేను వెళ్లి అడిగితే "పుణ్యానికి లెక్కేమిటి బాబూ?" అన్నారు. తినేశారని నేననను. తినలేదని చూపడానికి వాళ్ల దగ్గరా కాగితం లేదే!

కెమిస్ట్రీ లాబులో మనం చేసే పనే ఇది. తొలి నిల్వా వచ్చినదీ కలిపితే, ఖర్చూ చివరి నిల్వా కలిపినదానికి సమానం కావాలి. తేడా వస్తే ఎక్కడో ఒలికిందన్నమాట. అందుకే నంబరు వేసిన రసీదులు, ప్రతి ఖర్చుకూ వోచరు, ఏ రోజుకారోజు నగదు పుస్తకం. డబ్బు పట్టుకునేవారూ లెక్క రాసేవారూ ఒక్కరే కాకూడదు.

1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రూపాయి రుసుము కడితే రిజిస్ట్రారు దగ్గర దాఖలైన కాగితాలు ఎవరైనా చూడవచ్చు. చిక్కేమిటంటే, ఆ చట్టం ఏటేటా దాఖలు చేయమన్నది కార్యవర్గం పేర్లే, జమాఖర్చులు కాదు. మన రాష్ట్రం 2001లో వేరే చట్టం తెచ్చుకుని లెక్కలూ ఆడిటూ అందులో చేర్చింది.

మొన్న మళ్లీ ఇంకో చందాకు వచ్చారు. నాన్నగారు నా వైపు చూశారు. "రసీదు పుస్తకం తెచ్చారాండీ?" అన్నాను. రేపు తెస్తామని వెళ్లారు.