రెండు బంట్లు ఒకేసారి లేచిపోతే

గవర్నర్‌పేట

చిన్నా,

నీ ఉత్తరం అందింది. మీ నాయనమ్మకి రెండుసార్లు చదివి వినిపించాడు మీ తాతయ్య. హాస్టల్లో పెరుగు పులిసిపోతోందన్న చోట ఆవిడ మనసు ఆగిపోయింది. మీ తాతయ్య మనసు ఇంకో చోట ఆగింది. చదరంగం ప్రోగ్రాంలో రూల్స్ పని రెండు సాయంత్రాల్లో అయిపోయింది, నాలుగు ఎత్తుల దాకా లెక్క 1,97,281కి సరిపోయింది, ఇక ఆలోచించే భాగం మొదలుపెడతానన్నావే, అక్కడ. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

నీ లెక్క తప్పని కాదు నాయనా. మొదటి ఎత్తుకి తెల్లవాళ్ళకి 20 దారులు: బంట్లవి పదహారు, గుర్రాలవి నాలుగు. నల్లవాళ్ళ జవాబుతో 400. మూడో ఎత్తుకి 8,902. నాలుగోదానికి నువ్వు రాసిన సంఖ్యే. కానీ ఆ 1,97,281 వరసల్లో, రెండు గళ్ళు దూకి దాటిపోతున్న బంటుని పట్టే ఎన్‌పాసాంట్ ఒక్కటీ లేదు, రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదిలే క్యాస్లింగ్ ఒక్కటీ లేదు. ఎన్‌పాసాంట్ మొదటిసారి తగిలేది అయిదో ఎత్తులో, 48,65,609 వరసల్లో 258 చోట్ల. క్యాస్లింగ్ ఏడో ఎత్తు దాకా రానే రాదు. బంటు, గుర్రం, శకటు పక్కకి తప్పుకుంటే గదా రాజు కదిలేది! ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషిగా చెబుతున్నాడు మీ తాతయ్య: నువ్వు పిల్లవాడిని పరీక్షించావు గానీ, వాడికి కష్టమైన పాఠంలోంచి ఒక్క ప్రశ్నా అడగలేదు.

అన్నం తిన్నాకే ఇది చదువు. చదివాక బోర్డు తియ్యి.

తెల్ల రాజుని ఎ5లో పెట్టు. తెల్ల బంటు ఇ5లో. నల్ల ఏనుగు అదే వరస చివర హెచ్5లో. నల్ల రాజుని ఎక్కడో దూరంగా మూల పెట్టు. ఇప్పుడు నల్ల బంటు డి7 నుంచి డి5కి రెండు గళ్ళు దూకింది. అలా దాటిపోతున్న దాన్ని నీ తెల్ల బంటు ఎన్‌పాసాంట్‌గా పట్టుకోవచ్చా? రాజుకీ ఏనుగుకీ మధ్య రెండు బంట్లున్నాయి కాబట్టి రాజుకి భయం లేదనుకుంటుంది నీ ప్రోగ్రాం. పట్టుకుంది. తెల్ల బంటు డి6కి వెళ్ళిపోయింది, నల్ల బంటు బోర్డు దిగిపోయింది. అయిదో వరస మొత్తం ఖాళీ. ఏనుగు సూటిగా రాజుని చూస్తోంది! ఒక్క ఎత్తుతో ఒకే వరసలోంచి రెండు బంట్లు లేచిపోయే సందర్భం ఆట మొత్తంలో ఇదొక్కటే. అందుకే దీనికి తెలివైన అడ్డదారులు వెతకొద్దు. ఎత్తు వేసి చూడు, పోవలసిన బంటుని తీసెయ్యి, మన రాజు మీద దాడి ఉందా అని అడుగు, ఉంటే ఎత్తు వెనక్కి తీసుకో. నెమ్మదిగా నడుస్తుంది, నడవనీ. వేగం తర్వాత తెచ్చుకోవచ్చు.

ఈ పట్టుదల ఎందుకో నీకు చెప్పలేదు కదూ. మా ఊరి అరుగు మీద ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడిచేది. రాజు చెక్ తినకముందు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. ఆ ఆటతోనే బెజవాడ కాలేజీకొచ్చి ఒక పోటీలో కూచున్నాడు మీ తాతయ్య. బంటు రెండు గళ్ళు దూకొచ్చని అక్కడే విని దూకించాడు. ఎదుటి కుర్రాడు తన బంటుతో పక్క గడిలోకి వెళ్ళి, మీ తాతయ్య బంటుని తీసి పక్కన పెట్టేశాడు. మోసమని అరిచాడు మీ తాతయ్య. ఆర్బిటర్ రూల్ పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించాడు. ఆ సాయంత్రం బీసెంట్ రోడ్డంతా మీ తాతయ్య ఒక్కడే నడిచాడు. ఓడినందుకు కాదు, ఆ కుర్రాణ్ణి ఊరికే మోసగాడన్నందుకు. ఇప్పటికీ బాధే.

పెద్దవాళ్ళకీ సందేహం వస్తుంది. 1974లో మాస్కోలో కార్పోవ్‌తో జరిగిన పోటీ ఇరవై ఒకటో ఆటలో, ఏనుగు మీద దాడి ఉంటే క్యాస్లింగ్ చెయ్యొచ్చా అని ఆర్బిటర్ ఒకెల్లీని గ్రాండ్‌మాస్టర్ కోర్చ్‌నోయ్ అడిగాడు. చెయ్యొచ్చు. దాడి ఉండకూడనిది రాజుకీ, రాజు దాటే గడికీ, చేరే గడికీ. ఏనుగుకి ఆ పట్టింపు లేదు.

అడగడానికి అతనికి మనిషి ఉన్నాడు. మన గుడివాడలో పుట్టి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి ఆడినా బల్ల దగ్గర ఆర్బిటర్ ఉంటాడు. పెద్ద ఆటల్లో చెల్లని ఎత్తు వేస్తే ఎదుటివాళ్ళకి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారి వేస్తే ఆట పోయినట్టే. నీ ప్రోగ్రాంకి మాత్రం ఆర్బిటర్ అదే. దాని ముందు కూచునే పిల్లలు అది చెప్పిందే రూలనుకుంటారు. నాకున్న బెంగంతా అదే చిన్నా.

ప్రోగ్రాంలు రాసేవాళ్ళు కివిపీట్ అని పిలుచుకునే చిక్కు స్థితి ఒకటుంది. దాని మీద నడుపు. ఒక ఎత్తుకి 48, రెండుకి 2,039, మూడుకి 97,862 రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆలోచించే భాగం జోలికి వెళ్ళకు. ఎ5 రాజు స్థితిని మాత్రం విడిగా పెట్టి చూడు.

రాత్రిళ్ళు కళ్ళు పాడుచేసుకోకు. నాయనమ్మ ఆవకాయ సీసా కట్టి ఉంచింది, ఈ వారం పంపిస్తాం. ముందుగదిలో బల్ల మీద రాజు ఎ5లో, ఏనుగు హెచ్5లో అలాగే ఉన్నాయి. నాయనమ్మ వాటిని కదపకుండా చుట్టూ దుమ్ము తుడుస్తోంది. సంక్రాంతికి నువ్వొచ్చి తియ్యి.

మీ తాతయ్య