స్లో జిన్ పెట్టబోయే మేనల్లుడికి

షెఫీల్డ్,
సెప్టెంబరు నెలాఖరు



క్రిస్మస్‌కి ఆఫీసువాళ్లకు చాక్లెట్ డబ్బాలు కాకుండా చేత్తో చేసిందేదైనా ఇస్తానని, స్లో జిన్ ఎలా పెట్టాలో రాయమని అడిగావు. రాస్తున్నాను. ఉత్తరం మాత్రం మా వదిన కంటపడనివ్వకు. ఇంగ్లండులో ఆడపడుచు సీసాలు పెడుతోందని ఊరంతా చెబుతుంది.

మనం చేసేది కాయడం కాదు, నానబెట్టడం. కొట్లో పన్ను కట్టి కొన్న జిన్‌లో పండు వేసి ఊరనిస్తాం, అంతే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంట్లో బట్టీ పెట్టి కాయడం మాత్రం ఇక్కడ లైసెన్సు లేకుండా నేరం. చేసినదాన్ని ఊరికే ఇవ్వచ్చు, అమ్మకూడదు. ఆఫీసులో ఎవరైనా మొహమాటపడి అయిదు పౌండ్లు చేతిలో పెట్టబోతే తీసుకోకు.

ఇక పండు. పొలాల గట్ల మీద ముళ్లకంచెల్లో పెరిగే బ్లాక్‌థార్న్ పొద కాయే స్లో. ప్లమ్ పండ్ల జాతిదే. మన నేరేడు కంటే చిన్నది, గుండ్రంగా ఉంటుంది, నల్లటి తొక్క మీద నీలిబూడిద పూసినట్టు కనిపిస్తుంది. పచ్చిగా కొరికావో, వగరుకు నాలుక మొద్దుబారిపోతుంది. అందుకే దాన్ని ఎవరూ పండుగా తినరు. ఆ వగరే జిన్‌లో ఊరి పనికొస్తుంది.

మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాకముందే నల్లటి కొమ్మల నిండా తెల్లగా పూస్తుంది. అప్పుడే పొద ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. కాయ కోతకు వచ్చేసరికి అన్ని కంచెలూ ఒకేలా కనిపిస్తాయి. నువ్వు చూడలేదు కాబట్టి ఈసారికి నాతో రా. కంచెలో తనంతట తాను పెరిగిన కాయను ఇంటి వాడకానికి కోసుకుంటే ఇక్కడి 1968 చట్టం దొంగతనం అనదు. అమ్మకానికి కోస్తే అంటుంది. ఎవరి పొలంలోకైనా దిగాలంటే మాత్రం అడిగి దిగు. పెద్ద రోడ్ల పక్క కంచెలు వద్దు, దుమ్మూ పొగా పట్టి ఉంటాయి. పొదంతా దులిపేయకు. చలికాలం ఈ కాయల మీద బతికే పిట్టలున్నాయి.

ముళ్ల సంగతి నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బ్లాక్‌థార్న్ ముల్లు పొడుగ్గా ఉండి లోపలే విరుగుతుంది. ముక్క మిగిలితే వేలి కణుపు వాచి, వారాల తరబడి పీడిస్తుంది. మందపాటి తొడుగులు వేసుకో. గుచ్చుకుని వాపు తగ్గకపోతే డాక్టరుకి చూపించు, పసుపు పెట్టి ఊరుకోకు.

మంచు పడ్డాకే కొయ్యాలని పాతవాళ్లంటారు. చలికి తొక్క చిట్లి రసం బయటికి తేలిగ్గా వస్తుందని. మంచు కోసం కాచుక్కూర్చుంటే కాయ పిట్టల పాలవుతుంది. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా ఉంటే చాలు. కోసుకొచ్చి, కడిగి, తుడిచి, ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టు. ఒక్కో కాయనూ సూదితో గుచ్చుతూ కూర్చునే పని తప్పుతుంది.

కొలతలు రాసుకో. 70 సెంటీలీటర్ల జిన్ సీసాకి 450 గ్రాముల కాయ, 150 గ్రాముల పంచదార. చాలామంది పంచదార మొదట్లోనే పావుకిలో పోసేస్తారు. నాకది నచ్చదు. తీపి తర్వాత కలపగలం, తియ్యలేం. ఖరీదైన జిన్ కొనకు. సూపర్‌మార్కెట్ సొంత పేరుతో అమ్మే 37.5 శాతానిది చాలు. ఖరీదు జిన్‌లోని సువాసనలన్నీ ఈ కాయ ముందు నిలవవు.

వెడల్పు మూతి గాజు జాడీ వేడినీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, అన్నీ పోసి మూత బిగించు. పంచదార కరిగేదాకా రోజూ ఒకసారి ఊపు, ఆ తర్వాత వారానికోసారి. వెలుతురుకు రంగు వెలుస్తుంది కాబట్టి అలమరలో పెట్టు. ఆవకాయలో ముక్క నూనెలో మునిగినట్టు పండు జిన్‌లో మునిగే ఉండాలి. గింజలు పగలగొట్టకు. వాటిని అలాగే ఉంచితేనే బాదం వాసన సన్నగా దిగుతుంది.

మూడు నెలలయ్యాక పలచటి బట్టలో వడకట్టు, పిండకు, మడ్డి దిగుతుంది. రుచి చూసి, చాలకపోతే పంచదార పాకం కొంచెం కలుపు. ఇక్కడే నీ లెక్క తప్పుతుంది. అక్టోబరులో పెట్టింది క్రిస్మస్‌కి వడకట్టడానికే రాదు. వడకట్టాక కూడా సీసాలో దాదాపు ఏడాది ఉంటేనే వగరూ తీపీ ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. ఈ ఏడు పెట్టింది వచ్చే ఏడాదికి ఇవ్వు. ఈ క్రిస్మస్‌కి కావాలంటే రాస్ప్‌బెర్రీలతో పెట్టు. ఫ్రీజర్ పండ్లయినా పర్వాలేదు, మూడు నాలుగు వారాల్లో ఎర్రగా దిగుతుంది. మామిడితో చేస్తానన్నావు, అది మాత్రం వద్దు. గుజ్జు మడ్డికట్టి ఎంత వడకట్టినా తేటపడదు. మామిడిపండు తినేది, దాన్ని జిన్‌లో పడేసి పాడుచేయకు.

తయారైనదాంట్లో మద్యం 25 శాతం దాకా ఉంటుంది. తియ్యగా ఉంది కదా అని గ్లాసులు నింపేస్తారు కుర్రాళ్లు. ఇక్కడ మద్యాన్ని కొలిచే లెక్కలో 50 మిల్లీలీటర్లే ఒకటింపావు యూనిట్. ఇక్కడి వైద్యులు వారానికి 14 యూనిట్లు దాటొద్దంటారు. చిన్న గ్లాసులో పోసుకుని, భోజనం తర్వాత నెమ్మదిగా చప్పరించాలి. ఆ రాత్రి కారు తాళం ముట్టుకోకు.

ఇచ్చేటప్పుడు 100, 200 మిల్లీలీటర్ల సీసాలే చాలు. పండు పేరు, పెట్టిన నెల, మద్యం ఉందనే మాట చీటీ మీద స్పష్టంగా రాసి అంటించు. ఎర్రగా, తియ్యగా ఉండేదాన్ని పిల్లలు షర్బత్ అనుకుంటారు. వడకట్టగా మిగిలిన పండ్లలోనూ మద్యం ఉంటుంది, కేకులో వేస్తే ఆ సంగతి తినేవాళ్లకు చెప్పు.

అందరికీ ఇవ్వకు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురుతిరిగిన జిల్లా మనది. ఆ పోరాటం జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. తాగుడు ఏ ఇంటిని ఏం చేస్తుందో మనవాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆఫీసులో మానేసినవాళ్లుంటారు, మతం ఒప్పుకోనివాళ్లుంటారు, గర్భిణులుంటారు, మందులు వాడేవాళ్లుంటారు. కారణం నీకు చెప్పాల్సిన పని వాళ్లకు లేదు. “నువ్వు పుచ్చుకుంటావా?” అని ముందు విడిగా అడుగు. వద్దన్నవాళ్లకు అదే కంచెలోని బ్లాక్‌బెర్రీలతో చేసిన జామ్ ఇవ్వు. నా దగ్గర ఈ ఏటిది ఆరు సీసాలుంది, పట్టుకెళ్లు.

అక్టోబరు రెండో శనివారం పొద్దున్నే వచ్చెయ్. తొడుగులు మాత్రం నీవే తెచ్చుకో, నావి నీ చేతికి పట్టవు.

మీ అత్తయ్య